ఖాళీ కాలు

“ఈ చెంచాలకి దారాలేమిటి?” అని అడిగింది అత్తగారు.

ఆవిడ చేతిలో ఆరు చెంచాలున్నాయి. రెండింటికి మెడ దగ్గర నల్లదారం చుట్టి ఉంది, రెండింటికి నీలం, రెండింటికి ఎరుపు. పలకరించడానికి వచ్చినవాళ్లకి టీలో చక్కెర కలుపుదామని సొరుగు లాగితే దొరికాయి.

సింకు ముందు నిలబడి కప్పులు తోముతున్న కోడలు వెనక్కి తిరగలేదు. కలిసిపోకుండా కట్టానంది. వేటితో కలిసిపోకుండా అని అత్తగారు అడగలేదు. మూడు వారాలుగా ఆవిడ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే, దానికీ చెంచాలకీ సంబంధం లేదు. ఆ పొద్దున వాడితో ఏమన్నావు? మొదటి వారం ఏడుస్తూ అడిగింది. రెండో వారం కోపంగా అడిగింది. ఇప్పుడు ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడిగినంత మామూలుగా అడుగుతోంది, దాన్ని భరించడమే కష్టంగా ఉంది. పక్క గదిలో ఉన్న ఆవిడకి ఆ రోజు కొడుకు గొంతు పెద్దదవడం వినిపించింది, మాటలు వినిపించలేదు. పెళ్లాం ఏదో అంది, వాడు మనసు పాడుచేసుకుని గడప దాటాడు, అదే మనసుతో విమానం ఎక్కాడు. ఇదీ ఆవిడ అల్లుకున్న కథ. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ కథని నోరు విప్పకుండా, కోడలి వైపు ఒక్క చూపు చూసి, పూర్తిగా చెప్పేస్తోంది.

నిజానికి కోడలు అన్నది ఒక్క మాటే. ఆర్నెల్లయింది, ఇవాళైనా ఒక్కసారి కూర్చుని చేద్దామా అంది. బూట్ల తాళ్లు బిగించుకుంటున్న ఆయన తలెత్తి, “నువ్వు నాకు విమానం నడపడం నేర్పుతావా?” అన్నాడు. గొంతు పెద్దదైంది అక్కడే.

ఆయన నడిపేది రెండు ఇంజిన్ల చిన్న విమానం. ఆరు సీట్లు. పైనుంచి భూముల ఫోటోలు తీసి కొలతలు కట్టే కంపెనీలో ఉద్యోగం. బంధువులు కూడా ఆయన్ని పేరుతో కాకుండా కెప్టెన్ అనే పిలిచేవారు, ఆయనకీ అదే ఇష్టం. ఆ రోజు విమానంలో ముగ్గురున్నారు. ఆయన, పక్క సీట్లో ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి, వెనక కెమెరా చూసుకునే సర్వేయరు. నేల విడిచి నాలుగు వందల అడుగులు లేచారో లేదో ఎడమ ఇంజిన్ ఆగిపోయింది. ఒకటి ఆగితే రెండోదానితో చుట్టి వచ్చి దిగొచ్చు, రెండు పెట్టేదే అందుకు. వీళ్లు చుట్టి రాలేదు. గోదాముల వెనక ఖాళీ స్థలంలో పడ్డారు. ముగ్గురూ పోయారు.

సాయంత్రం మరిది వచ్చాడు. అతను అదే కంపెనీ ఆఫీసులో పైలట్ల కాగితాలు చూస్తాడు. ఎవరి పరీక్ష ఎప్పుడు, ఎవరి సంతకం ఎక్కడ, అన్నీ అతని బీరువాలోనే ఉంటాయి. అన్న పోయిన దుఃఖం అతనికి లేదని కాదు. మొదటి రోజు గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కానీ ఏడుపు ఆగాక అతనిలో ఉద్యోగి లేచి కూర్చున్నాడు. ఆ ఉద్యోగికి కాళ్లు చేతులు చురుగ్గా ఆడతాయి.

రేపు పదకొండింటికి విచారణ అధికారి ఇంటికి వస్తున్నాడని చెప్పాడు. శిథిలాలు చూశారట. ఎడమ ఇంజిన్‌కి ఇంధనం తీసుకెళ్లే గొట్టం చీలింది, అది ఎవరి తప్పూ కాదు. కుడి ఇంజిన్ శుభ్రంగా ఉంది. పనిచేస్తున్న ఆ కుడిదాన్ని ఎవరో చేత్తో ఆపేశారు. దాన్ని నడిపే లివర్, అంటే చేతిపిడి, పూర్తిగా వెనక్కి లాగి ఉంది. అంత చిన్న విమానంలో లోపలి మాటలు రికార్డు చేసే పెట్టె ఉండదు కాబట్టి, లాగిన చెయ్యి ఎవరిదో చెప్పేవాళ్లు లేరు.

“ఎవరిదో తెలియక కాదు వదినా,” అన్నాడు మరిది టీ ఊదుకుంటూ. “మూడు వందల గంటలు కూడా ఎగరని పిల్ల. కంగారుపడి ఉంటుంది. అన్నయ్య ఎనిమిది వేల గంటల మనిషి. పైగా ప్రతి మూడు నెలలకీ ఇంజిన్ పోయినప్పటి అభ్యాసం చేసినట్టు కాగితాలున్నాయి. ఆఖరి రెండూ కూడా ఉన్నాయి. నీ చేతిరాతే కదా, కింద అన్నయ్య సంతకం. నువ్వు అవునని ఒక్క మాటంటే చాలు, అన్నయ్య పేరు చెక్కుచెదరదు.”

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, నా కొడుకు అలాంటి తప్పు చేసేవాడు కాదంది. కోడలు టీ కప్పులు తీసి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఆఖరి రెండు కాగితాలూ అబద్ధం. రాసిన చెయ్యికి తెలుసు. తీసుకుని బీరువాలో పెట్టుకున్నవాడికీ అనుమానం లేకపోలేదు, ఎందుకంటే ఒకసారి అతనే ఫోన్ చేసి, వదినా తేదీ గడిచిపోతోంది, చేశారో లేదో తర్వాత సంగతి, ముందు రాసి పంపించు అన్నాడు. మొగుడి పని, మరిది తొందర, మధ్యలో తన రాత. గుండ్రంగా, బుద్ధిగా ఉండే ఆ రాత ఇప్పుడు వెళ్లి చచ్చిపోయిన ఒక ఆడపిల్ల మెడకి చుట్టుకోబోతోంది.

ఆ రాత్రి నిద్రపట్టిందని చెప్పలేం గానీ, తెల్లవారి లేచి ఆమె మొదట చేసిన పని బట్టల బీరువా అడుగునుంచి పాత డైరీ తీయడం. డైరీ తెరిచి మంచం మీద కూర్చుంది. పదకొండేళ్ల ఆదివారాలున్నాయి అందులో.

పెళ్లయిన మొదటి ఏడాది ఆయన పరీక్ష తప్పాడు. పైలట్లకి ఆరు నెలలకోసారి పరీక్ష ఉంటుంది. పరీక్షాధికారి పక్కన కూర్చుని, గాల్లో చెప్పాపెట్టకుండా ఒక ఇంజిన్ బలం తగ్గించేస్తాడు. ఏది పోయిందో కనిపెట్టి దాని లివర్లు వెనక్కి లాగాలి. కిటికీలోంచి చూస్తే రెండు వైపులా ఇంజిన్ల పంకాలు తిరుగుతూనే కనిపిస్తాయి, కళ్లని నమ్మడానికి లేదు. నమ్మాల్సింది కాళ్లని. పడవలో చెరో పక్క తెడ్డు వేస్తున్న ఇద్దరిలో ఒకరు మానేస్తే పడవ ముక్కు ఆ పక్కకే తిరిగిపోతుంది కదా, ఇదీ అంతే. తిన్నగా పోవాలంటే రెండో వైపు కాలితో పెడల్ గట్టిగా తొక్కి పట్టాలి. అలా తొక్కుతున్నప్పుడు ఏ కాలికి పని లేకుండా పోయిందో ఆ వైపు ఇంజిన్ పోయినట్టు. ఖాళీ కాలు, చచ్చిన ఇంజిన్. ఆ మాట నోటితో చెప్పి, ఖాళీగా ఉన్న తొడ మీద చేత్తో తట్టుకోవాలి. అప్పుడు కూడా లాగేయకూడదు. ఆ వైపు లివర్ కొద్దిగా, నెమ్మదిగా వెనక్కి తీసి ఆగాలి. ఏమీ మారకపోతే అది చచ్చినదే. చప్పుడు మారిందంటే చెయ్యి బతికున్నదాని మీద ఉన్నట్టు.

పరీక్ష తప్పి ఇంటికొచ్చిన ఆయన పుస్తకం ఆమె చేతిలో పెట్టి, చదువు, తప్పొస్తే చెప్పు అన్నాడు. అప్పటికి ఆమె లైబ్రరీలో చేస్తున్న ఉద్యోగం వదిలి ఈ ఊరొచ్చి నాలుగు నెలలు. ఎవరైనా ఏదైనా చదవమంటే చాలన్నట్టుంది ప్రాణం. ఒక్కో ఇంజిన్‌కి మూడు లివర్లని విని, బూట్ల అట్టపెట్టెకి ఆరు గాట్లు పెట్టి ఆరు చెంచాలు గుచ్చింది, అసలు లివర్ల రంగులు అడిగి తెలుసుకుని దారాలు కట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని గోడకి కాళ్లు తన్ని చూశాడు. గోడ ఎదురు తొయ్యదని విసుక్కుని, నువ్వు కూర్చో అన్నాడు. ఆమె నేల మీద కూర్చుని ఆయన రెండు అరికాళ్లకీ తన రెండు అరచేతులూ ఆనించింది. ముక్కు ఎడమకి పోతోంది అంటుంది. ఆయన కుడికాలితో తొక్కుతాడు. ఆ బరువు ఆమె ఒక చేతి మీద పడుతుంది, ఆమె భుజం బిగబట్టి ఎదురు తోస్తుంది. ఎదురుగా కూర్చున్నదానికి కుడి ఎడమలు తారుమారు కాబట్టి, ఆదివారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే గంటసేపు తన ఎడమ చేతిని కుడి అనుకోవడం నేర్చుకుంది. తర్వాత తర్వాత మిగతా రోజుల్లో కూడా అలాగే అనుకోవడం అలవాటైంది, అది వేరే సంగతి.

మొగుడి కాళ్ల దగ్గర కూర్చోవడం నాకు నామోషీగా లేదా అని ఆమె తనని తాను చాలాసార్లు అడిగింది. లేదు. అదే ఆశ్చర్యం. ఇంట్లో మిగతా పనులన్నీ నామోషీగానే ఉండేవి. ఆయన చొక్కాకి బొత్తాం ఊడితే ఆమె తప్పు, మిక్సీ పాడైతే ఆమె తప్పు, పప్పు చల్లారితే అత్తగారి నిట్టూర్పు. ఈ ఒక్క గంట మాత్రం ఆమె ఆగండి అంటే ఆయన ఆగేవాడు. మళ్లీ చూడండి అంటే చూసేవాడు. ఆయనకున్న లోపం ఆమెకొక్కదానికే తెలుసు. ఆయనకి తొందర. బరువు ఏ కాలి మీద పడిందో తప్పు ఆ వైపే ఉందనిపించేది ఆయనకి. మోస్తున్నదాని మీదకే చెయ్యి పోయేది. పని మానేసి ఊరుకున్నది ఎటూ చప్పుడు చెయ్యదు కదా, దాని మీద అనుమానం రాదు. అందులోనూ ఎడమది పోయినప్పుడు మరీను, చెయ్యి తిన్నగా కుడి చెంచా మీదకి వెళ్లేది. నాలుగుసార్లలో ఒకసారి అలా జరిగేది. ఆగండి అని ఆమె అనగానే నాలుక కొరుక్కుని సరిచేసుకునేవాడు. ఆమె ప్రతిదీ డైరీలో రాసేది, తేదీ వేసి, సరైతే టిక్కు, తప్పైతే అడ్డగీత. ఆమె కూర్చోబెట్టడం మొదలయ్యాక ఆయన మళ్లీ ఏ పరీక్షా తప్పలేదు.

ఇదంతా పని అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఒకసారి మాత్రం నోరు జారింది. కంపెనీ విందులో పెద్ద పైలట్ భార్య మర్యాదకి, ఇంట్లో రోజంతా ఏం చేస్తూ ఉంటారని అడిగితే, ఈయనకి ఇంజిన్లు ఆపుతూ ఉంటానండి అని నవ్వుతూ చెప్పింది. సరదాగానే అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. అయితే మన కెప్టెన్‌కి ఇంట్లో ఇంకో కెప్టెన్ ఉందన్నమాట అన్నాడు పెద్ద పైలట్. కెప్టెన్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి అట్టపెట్టెలోంచి చెంచాలు ఊడపీకి సింకులో పడేశాడు. నలుగురిలో నన్ను చిన్నచేశావన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆదివారాలు మామూలు ఆదివారాలైపోయాయి. చెంచాలు సొరుగులోకి చేరాయి, దారాలు విప్పబుద్ధి కాలేదు. మూడు నెలలకోసారి కాగితం మాత్రం యథాప్రకారం ఆమె ముందుకొచ్చేది. అభ్యాసం చేశాను, అంతా సరిగ్గా వచ్చింది. ఆమె గుండ్రటి రాతలో.

డైరీలో ఆ విందు తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి, ఒక్కటి తప్ప.

ఆ పేజీ విమానంలో పక్క సీట్లో ఉన్న ఆ అమ్మాయిది. ప్రమాదానికి రెండు నెలల ముందు కెప్టెన్ సంతకం కోసం ఇంటికొచ్చింది. ఆయన భోజనం చేసి పడుకున్నాడు, లేపితే చిరాకుపడతాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోమంటే కూర్చుని, ఊరికే ఉండలేక తడి చెంచాలు తుడిచి పెడుతూ దారాలు చూసింది. నలుపు, నీలం, ఎరుపు. “అక్కా, ఇవి లివర్లు కదూ?” అంది. పదకొండేళ్లలో ఆ ఇంటికొచ్చిన ఏ మనిషీ అడగని మాట అది. ఈమెకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. అటక మీదున్న అట్టపెట్టె దింపింది. నేల మీద కూర్చుని ఆ పిల్ల అరికాళ్లకి అరచేతులు ఆనించింది. చిన్న పాదాలు, బొటనవేలి దగ్గర కాయ కాసి ఉంది. ముక్కు ఎడమకి పోతోంది. ఆ పిల్ల తొక్కింది, తొడ తట్టుకుంది, చెప్పింది, చెంచా కొంచెం వెనక్కి తీసి ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, ఈమే కంగారుపడి, ఇంక లాగొచ్చమ్మా అనాల్సొచ్చింది. నవ్వుకున్నారు. పన్నెండుసార్లు చేశారు. పన్నెండూ టిక్కులే.

కెప్టెన్ లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పిల్ల ఉలిక్కిపడి చెప్పులు వెతుక్కుంది. ఆయన సంతకం పెట్టి, “ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకో, లివర్ల సంగతి నేను చూసుకుంటా,” అన్నాడు. మెట్లు దిగుతూ ఆ పిల్ల మెల్లగా చెప్పింది, సార్ గాల్లో నన్ను దేన్నీ ముట్టుకోనివ్వరక్కా, చెయ్యి ముందుకొస్తే కొడతారు. కొట్టడమంటే నిజంగా కొట్టడం కాదులే, ఇలా వేళ్ల మీద అని, చూపించింది కూడా.

ఆ పిల్ల తల్లి యూనిఫారాలు కుట్టే దర్జీ. ప్రమాదం జరిగిన పదో రోజున ఫోన్ చేసింది. వెనకనుంచి మిషన్ల చప్పుడు వినిపిస్తోంది, పని మానుకునే వెసులుబాటు కూడా లేనట్టుంది ఆవిడకి. ఓదార్పు అడగలేదు, ఏమీ అడగలేదు. “మా అమ్మాయే తప్పు లివర్ లాగిందని అందరూ అంటున్నారమ్మా. మీవారితో కలిసి పనిచేసింది కదా. మీకేమైనా తెలుసా?” అంది. పక్కన అత్తగారు ఉంది, ఎదురుగా మరిది ఉన్నాడు. ఈమె నాకేం తెలియదండీ అంది. సరేనమ్మా అని ఆవిడ పెట్టేసింది. సరేనమ్మా అన్న ఆ గొంతు పదకొండు రోజులుగా ఈమె చెవిలో గింగిరాలు తిరుగుతూనే ఉంది.

పదకొండింటికి విచారణ అధికారి వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, నెమ్మదస్తుడు, చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. మరిది అతని కంటే పది నిమిషాలు ముందే వచ్చి కుర్చీలు సర్దాడు. అధికారి ఫారం తీసి ఆమె వయసడిగి రాసుకున్నాడు, ఉద్యోగం దగ్గర అడక్కుండానే లేదు అని రాసుకున్నాడు. కెప్టెన్‌కి నిద్ర సరిగ్గా పట్టేదా, ఆరోగ్యం ఎలా ఉండేది, ఆ రోజు ఇంట్లో ఏమైనా మాటా మాటా వచ్చిందా అని వరసగా అడిగాడు. ఆఖరి ప్రశ్నకి అత్తగారు సోఫాలో ముందుకి జరిగింది.

“వచ్చిందండి,” అంది ఆమె. “ఆర్నెల్లయింది, ఒక్కసారి అభ్యాసం చేద్దామా అన్నాను. నువ్వు నేర్పుతావా అని కోప్పడ్డారు.”

మరిది మధ్యలో అందుకుని, మా వదినకి ఈ విషయాలు తెలియవు సార్, అభ్యాసం చేసినట్టు కాగితాలు ఆఫీసులో ఉన్నాయన్నాడు.

“ఆ ఆఖరి రెండు కాగితాలూ అబద్ధం. రాసింది నేనే,” అంది ఆమె.

మరిది ముఖం నల్లబడింది. ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా అని అడిగాడు, నువ్వు కూడా ఇరుక్కుంటావన్నాడు. ఆమెకి తెలుస్తోంది. పొద్దున డైరీ ముందు కూర్చున్నప్పటినుంచీ తెలుస్తూనే ఉంది. అబద్ధం రాసినందుకు రేపు ఎవరైనా నిలదీస్తే నిలబడాల్సిందే. పోయినవాడి పేరు మీద మట్టి పోసిందని చుట్టాలు జీవితాంతం అంటారు, ఈ అత్తగారితో ఒకే కప్పు కింద ఉండి అది పడాలి. భయం వేయలేదంటే అబద్ధం. అరచేతులు చెమర్చి డైరీ అట్ట తడిసింది. ఆ తడి డైరీనే అధికారి చేతిలో పెట్టింది.

అతను చాలాసేపు తిరగేశాడు. టిక్కులు, అడ్డగీతలు, తేదీలు. ఎడమ పోయినప్పుడు కుడి లాగారు, ఆగమన్నాను. ఎడమ పోయినప్పుడు కుడి, ఆగమన్నాను. ఒకచోట, పాపం బాగా అలిసిపోయారు, అని కూడా రాసి ఉంది. చివరి పేజీలో పన్నెండు టిక్కుల దగ్గర అతని వేలు ఆగింది. ఇది ఎవరిదని అడిగితే చెప్పింది. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇంట్లో, విమానం లేకుండా, ఇది ఎలా చేసేవారమ్మా?”

చూపిస్తానంది. అటక మీదనుంచి అట్టపెట్టె దింపింది, వంటింట్లోంచి ఆరు చెంచాలు తెచ్చి గాట్లలో గుచ్చింది. అత్తగారు ఆ దారాల వైపే చూస్తోంది. ఎప్పటిలాగే నేల మీదకి వంగబోయి ఆమె ఆగింది. చూపించాల్సింది పైలట్ ఏం చేస్తాడో. అది చూపించాలంటే తను పైన కూర్చోవాలి, కింద ఇంకెవరో ఉండాలి. ఆయన కూర్చునే, తను ఎన్నడూ కూర్చోని ఆ కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఎత్తు కొత్తగా అనిపించింది, ఎదురుగా కిటికీ ఉందని ఇన్నేళ్లకి తెలిసింది. మరిదిని పిలిచి, కింద కూర్చుని నా కాళ్లకి చేతులు ఆనించు అంది.

అతను కూర్చోలేదు. ఇదేం నాటకం వదినా అన్నాడు. వదిన కాళ్లు పట్టుకోవడానికి తను రాలేదన్నాడు. అధికారి తనే లేవబోయాడు గానీ, ఈలోగా సోఫా కిర్రుమంది. అత్తగారు లేచింది. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా నేల మీద కూర్చోని మనిషి, బల్ల పట్టుకుని, కుర్చీ కోడు పట్టుకుని, అమ్మా అని మూలుగుతూ కింద చతికిలబడింది. వద్దత్తయ్యా అని కోడలు కాళ్లు వెనక్కి తీసుకుంది.

“పెట్టు,” అంది ఆవిడ. “వాడెలా పోయాడో నాకు తెలియాలి. చేతులు ఎలా పట్టాలో చెప్పు.”

చెప్పింది. ముడతలు పడ్డ ఆ రెండు అరచేతులూ ఆమె అరికాళ్లకి ఆనాయి, చల్లగా. ముక్కు ఎడమకి పోతోందనుకోండి అంది అధికారితో. కుడికాలితో తొక్కింది. మెల్లగా తొక్కబోయింది గానీ అత్తగారు ఎదురు తోసింది, ఆ వయసులో అంత బలం ఎక్కడ దాచుకుందో తెలియదు. తొడ తట్టుకుంది. ఎడమకాలు ఖాళీ, ఎడమ ఇంజిన్, అంది. ఇంజిన్ బలం తగ్గించే నల్లదారం చెంచాల్లో ఎడమదాన్ని కొద్దిగా వెనక్కి తీసి ఆగింది. ఆ పిల్ల ఆగినంతసేపు ఆగింది.

కింద అత్తగారు తన చేతులకేసి చూసుకుంటోంది. ఒక చెయ్యి వణుకుతోంది బరువుకి. రెండోది ఊరికే ఆని ఉంది.

“ఈ చేతి మీద ఏమీ లేదు,” అంది ఆవిడ.

“అవునత్తయ్యా. పోయింది అదే.”

“ఇంత తేలిగ్గా తెలిసిపోతుంటే,” అని ఆగి, బరువు మోస్తున్న చేతినే చూస్తూ అడిగింది ఆవిడ, “మరి వాడు దీన్నెందుకు ఆపాడు?”

ఆ పిల్ల ఎందుకు ఆపింది అనలేదు. మరిది అమ్మా అని గట్టిగా అన్నాడు. అధికారి రాయడం మానేసి ఎదురుచూస్తున్నాడు.

మూడు వారాలుగా కోడల్ని తినేస్తున్న ప్రశ్న కూడా అదే. నేను ఇంకొంచెం గట్టిగా అడిగి ఉంటే, ఆ విందులో నోరు మూసుకుని ఉంటే, ఆ పొద్దున నవ్వుతూ చెప్పి ఉంటే. కుర్చీలో కూర్చుని, కాళ్ల కింద ఒక ముసలితల్లి చేతుల పట్టు తెలుస్తుండగా, ఆ ప్రశ్నకి జవాబు తను కాదని మొదటిసారి తేటగా కనిపించింది. పక్క సీట్లో పన్నెండుకి పన్నెండు తెచ్చుకున్న మనిషి ఉంది. ఆ మనిషి చేతులు ఒళ్లో పెట్టించింది తను కాదు.

“ఆయనకి తొందరత్తయ్యా. ఆగమంటే ఆగే అలవాటు నా ఒక్కదాని దగ్గరే ఉండేది. అది కూడా తలవంపులని మానేశారు,” అంది. “ఆ రోజు పక్కనున్న పిల్ల ఆగమందో లేదో నాకు తెలియదు. అన్నా ఆయన వినేవారు కాదు. అది మాత్రం తెలుసు.”

అత్తగారు ఏడవలేదు. కోడలు కుర్చీ దిగి లేవడానికి చెయ్యి అందిస్తే అందుకోలేదు. కాసేపు నన్నిక్కడే ఉండనీ అంది. మరిది ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు, ఆఫీసులో ఎవరికో చెప్పుకోవాలి కాబోలు. అధికారి ఆమె చెప్పిందంతా రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాడు. డైరీ వెంట తీసుకెళతానని రసీదు రాసిచ్చాడు. మీ మీద కూడా ఒక మాట రాయక తప్పదమ్మా, ఆ రెండు కాగితాల గురించి, అన్నాడు. రాయండి అంది. వెళ్లేముందు ఫారం మొదటి పేజీ తిప్పి, ఉద్యోగం అన్నచోట తను రాసిందాన్ని ఒక క్షణం చూసి, కొట్టేశాడు. దాని బదులేం రాయాలో అతనికి తోచినట్టు లేదు, ఖాళీగానే వదిలి తన చేతిపెట్టెలో పెట్టుకున్నాడు.

అతను వెళ్లాక ఆమె వంటింట్లోకి వెళ్లి ఫోన్ తీసింది. అత్తగారు ఇంకా నేల మీదే, అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కడికి ప్రతి మాటా వినిపిస్తుంది. తలుపు మూయాలనిపించలేదు. అవతల ఫోన్ ఎత్తారు, మిషన్ల చప్పుడు వినిపించింది.

“కెప్టెన్ గారి ఇంటినుంచి మాట్లాడుతున్నానండి,” అంది. “మొన్న మీరడిగితే తెలియదన్నాను. తెలుసు. ఒక్క నిమిషం మీ మిషన్ ఆపండి, చెప్తాను.”